రొమ్ము క్యాన్సర్ తర్వాత నిద్రలేమి: పాల లెక్కల క్యాలెండర్ మీద నడిచిన ఒక కేసు

క్యాన్సర్ చికిత్స పూర్తయినవాళ్ళు నిద్ర పట్టడం లేదంటూ తమంతట తాము సైకియాట్రిస్టు దగ్గరికి రావడం తక్కువ. ఇంట్లోవాళ్ళు తీసుకొస్తారు. తిరుపతిలో నా క్లినిక్‌కి ఈమెను కొడుకు తీసుకొచ్చాడు, "మా అమ్మకు డిప్రెషన్ అనుకుంటా సార్" అంటూ. డిప్రెషన్ పెద్దగా లేదు. ఉన్నది నిద్రలేమి. దాన్ని పెంచి పోషిస్తున్నది చాలావరకు ఇంటిల్లిపాదీ ఆమె మీద చూపిస్తున్న ప్రేమే. ఆ ప్రేమను నొచ్చుకోనీయకుండా పద్ధతి మార్పించడం ఎలాగన్నదే ఈ కేసులో కష్టమైన పని. అందుకే రాస్తున్నాను. ఆమె అనుమతి ఉంది. వయసు, ఊరు, ఇంటి వివరాలు ఆనవాలు దొరకకుండా మార్చాను.

నేపథ్యం

యాభైకి దగ్గర వయసు. చిత్తూరు జిల్లా పడమటి వైపు పల్లె. ఐదో తరగతితో చదువు ఆగింది. పాడి ఆవులు, కొద్దిగా టమాటా. జబ్బు పడకముందు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పాలు పితికి, సెంటర్‌లో పోసి వచ్చేది ఆమే.

ఎడమ రొమ్ములో క్యాన్సర్. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. మా వైపువాళ్ళు ఒకప్పుడు ఇలాంటి జబ్బంటే వేలూరు సీఎంసీకో, చెన్నై అడయారుకో బండి కట్టేవాళ్ళు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి కూడా మొదలైంది. చికిత్స దగ్గరికి వచ్చేకొద్దీ, చికిత్స ముగించుకుని పల్లెకు తిరిగి వెళ్ళేవాళ్ళ సంఖ్యా పెరుగుతోంది. ఆ తర్వాతి ఏళ్ళను వాళ్ళు ఎలా గడుపుతున్నారో చూసే ఏర్పాటు మాత్రం ఇంకా పలచగానే ఉంది.

నిద్ర చెడడం కీమోతో మొదలైంది. వాంతులు, అలర్జీ రాకుండా కీమోతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఎక్కిన రోజూ, మర్నాడూ చాలామందికి కన్ను మూతపడదు. ఈమెకూ అంతే. ఊళ్ళో ఒక డాక్టరు నిద్ర పట్టించే అల్ప్రజోలం మాత్ర 0.25 మి.గ్రా. రాసిచ్చాడు, కొన్నాళ్ళకని. కీమో అయిపోయింది, మాత్ర అయిపోలేదు. అది 0.5 అయింది. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి, రిజిస్టర్లో రాసుకుని అమ్మాలి. తెలిసిన షాపయితే ఆ పట్టింపు ఎంతవరకు ఉంటుందో మన అందరికీ తెలుసు.

కీమోతోనే నెలసరి ఆగింది. కొన్నేళ్ళలో మెల్లగా జరగాల్సిన మార్పు కొన్ని నెలల్లో జరిగింది. దాని మీద, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ రోజూ 20 మి.గ్రా. ఈ రెండూ కలిస్తే చాలామందికి వేడి ఆవిర్లు (హాట్ ఫ్లాషెస్) తప్పవు.

వచ్చినప్పుడు పరిస్థితి

"పండుకునే ఉంటాను సార్. నిద్దరే రాదు. కన్ను మూసినానంటే ఒళ్ళంతా సెగ కొట్టినట్టు ఉంటాది." ఆమె చెప్పింది ఇంతే. మిగతాది కోడలు చెప్పింది.

రాత్రి ఏడున్నరకు అన్నం, ఎనిమిదికి మాత్ర, వెంటనే మంచం. పదకొండు దాటాక నిద్ర. ఒంటిగంటకు ఆవిరి పుట్టి చెమటలు పోసి మెలకువ. ఆ తర్వాత జరిగేది ఆమె ఎవరికీ చెప్పలేదు, పక్క మంచంలో పడుకునే కోడలు చీకట్లో గమనించింది. కుడి చెయ్యి ఎడమ చంక కిందికి పోతుంది. మచ్చ మీద వేళ్ళు మెల్లగా నడుస్తాయి. అక్కణ్ణుంచి కుడి రొమ్ము, మళ్ళీ చంక. ఏదో చేతికి తగిలిందనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి. అలా నాలుగు దాకా. తర్వాత నిద్రపట్టి ఏడుకు లేవడం. మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ మంచం.

పగలు ఆమె చేసే పని లేదు. "పెద్దాపరేషన్ అయిన మనిషి సార్, మేము పనేమీ చెప్పం" అన్నాడు భర్త, కాస్త గర్వంగానే. కీమో రోజుల్లో కొడుకు కొన్న దివాన్ కాట్ హాల్లోనే ఉంది. చూడడానికి వచ్చినవాళ్ళు దాని చుట్టూ కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత కూడా ఆ కుర్చీలు తీయలేదు.

నిద్రలేమి తీవ్రతను కొలిచే ఐఎస్ఐ ప్రశ్నావళిలో ఏడు ప్రశ్నలు, మొత్తం 28. ఆమెకు 21 వచ్చింది. 22 నుంచి తీవ్రం అంటాం.

ముందు తోసిపుచ్చాల్సినవి

క్యాన్సర్ వచ్చి తగ్గిన మనిషి నిద్ర పట్టడం లేదంటే నేరుగా మనసు వైపు వెళ్ళకూడదు. రాత్రి నొప్పి ఉందా, ఉంటే ఎక్కడ? కొత్తగా ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం ఉన్నాయా? ఇవేవీ లేవు. అంతకుముందు నెల ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) చెకప్ కూడా బాగానే ఉంది. గురక లేదని కోడలు గట్టిగా చెప్పింది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, కిడ్నీ పరీక్షలు చేయించాను. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తగ్గితే రాత్రి కాళ్ళు లాగుతూ కుదురుగా ఉండనీయవు, అందుకని. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మిగిల్చిన అరికాళ్ళ మంట, వేళ్ళ తిమ్మిరి కొంచెం ఉన్నాయి, నిద్ర చెడగొట్టేంత కాదు.

కొత్తగా ఎవరు వచ్చినా మందుల కవరు మొత్తం బల్ల మీద కుమ్మరించమంటాను. చీటీ అబద్ధం చెప్పకపోయినా సగమే చెబుతుంది. ఆమె కవర్లో టామోక్సిఫెన్ స్ట్రిప్పులు ఉండాల్సిన వాటికంటే బాగా ఎక్కువ ఉన్నాయి. కొన్న తేదీ బిల్లు మీద ఉంది. లెక్క పొసగలేదు.

భర్తను, కొడుకును బయట కూర్చోమని అడిగాను. రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని ఒప్పుకుంది. "అది వేడి చేస్తాది సార్. వేసుకోని రోజు కొంచెం మేలనిపిస్తాది." టామోక్సిఫెన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఒకరోజు మానితే ఆ రాత్రి ఆవిర్లు తగ్గవు, ఇలా మానుతూ పోతే మందు రక్షణ మాత్రం సన్నగిల్లుతుంది. హార్మోన్ రిసెప్టార్ ఉన్న, అంటే ఈస్ట్రోజన్ లాంటి హార్మోన్‌తో పెరిగే క్యాన్సర్లలో, వేసుకునే ఐదేళ్ళూ తిరగబెట్టే అవకాశాన్ని సుమారు సగానికి తగ్గించే మందు అది. నిద్ర కోసం ఆమె వదులుకుంటున్నది దాన్ని.

ఈ మాట బయటపడ్డాక ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క మారింది. ఆవిర్లు తగ్గించడం మొదటి పని అయింది. నిద్ర కోసమే కాదు, అవి తగ్గితే తప్ప టామోక్సిఫెన్ రోజూ వేసుకోదు కాబట్టి.

మందు ఎంపిక

ఆవిర్లకు ఈస్ట్రోజన్ ఇచ్చే ప్రశ్నే లేదు. డిప్రెషన్ మందుల్లో కొన్ని ఆవిర్లను తగ్గిస్తాయి. కానీ టామోక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే సీవైపీ2డీ6 అనే ఎంజైమును పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ గట్టిగా అడ్డుకుంటాయి. అవి వద్దు. అరికాళ్ళ మంటకు కూడా పనికొస్తుందని డులాక్సెటిన్ వైపు మనసు పోయింది, అదీ అదే ఎంజైమును కొంతవరకు అడ్డుకుంటుంది. వెన్లాఫాక్సిన్‌కు ఆ ఇబ్బంది దాదాపు లేదు. అయితే అది బీపీ పెంచవచ్చు, ఆమె బీపీ ఇప్పటికే గీత మీద ఉంది. పైగా మాత్రలు తనంతట తాను ఆపే అలవాటున్న మనిషి. వెన్లాఫాక్సిన్ హఠాత్తుగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉండడం వస్తాయి.

మిగిలింది రాత్రిపూట గబాపెంటిన్, నరాల నొప్పికి వాడే మందు, ఆవిర్లనూ తగ్గిస్తుంది. 100 మి.గ్రా.తో మొదలుపెట్టి 300 దాకా. అల్ప్రజోలంతో కలిస్తే మత్తు పెరుగుతుంది. రాత్రి లేచి నడిచేటప్పుడు తూలితే కోడలిని లేపమని చెప్పాను. టామోక్సిఫెన్ సంగతి ఆంకాలజిస్టుకు ఉత్తరం రాసి ఆమె చేతికే ఇచ్చాను. ఆమెతో చెప్పకుండా ఫోన్ చేసి ఉంటే, ఆ తర్వాత నాకు నిజం చెప్పేది కాదు.

ఎవరో చెప్పగా పాలల్లో కలుపుకుంటున్న అశ్వగంధ చూర్ణాన్ని, ఆంకాలజిస్టు సరేననే దాకా ఆపమన్నాను. నిద్ర కోసం వేరేచోట ఇచ్చిన మెలటోనిన్ మాత్రల వల్ల లాభం లేదని ఆమే ఆపేసింది.

పని చేయనివి

గబాపెంటిన్‌తో ఆవిర్లు తగ్గాయి. చెమటతో జాకెట్టు మార్చుకోవాల్సిన రాత్రులు అరుదయ్యాయి. టామోక్సిఫెన్ రోజూ వేసుకోవడం మొదలైంది. నిద్ర మాత్రం ఎక్కడిదక్కడే. ఒంటిగంటకు మెలకువ రావడానికి ఇప్పుడు ఆవిరి కూడా అక్కర్లేదు, ఒళ్ళు ఆ వేళకు అలవాటు పడిపోయింది.

మనందరం ఇచ్చే సలహాల కాగితం, కాఫీ తగ్గించండి, ఫోన్ చూడకండి అన్నది, ఇలాంటి మనిషికి వ్యర్థం. ఆమె సాయంత్రం కాఫీ తాగదు, ఫోన్ లేదు. అందులో చెప్పిన తప్పులేవీ చేయకుండానే రెండేళ్ళుగా నిద్ర లేదు.

నిద్రలేమిని అర్థం చేసుకోవడానికి స్పీల్‌మన్ 1987లో చెప్పిన పద్ధతి నాకిప్పటికీ ఉపయోగపడుతుంది. మొదలుపెట్టిన కారణం వేరు, కొనసాగించే కారణం వేరు. మొదలుపెట్టినవి స్టెరాయిడ్, ఆవిర్లు, రోగం తిరగబెడుతుందన్న భయం. కొనసాగిస్తున్నవి రాత్రి పదకొండు గంటలు మంచం మీద ఉండడం, పగటి నిద్ర, రాత్రి తడుముకోవడం. దీనికి మొదటి వరుస చికిత్స సీబీటీ-ఐ, అంటే నిద్రలేమి కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో మందులకంటే ముందు దీన్నే ఇవ్వమంది. క్యాన్సర్ తగ్గినవాళ్ళలోనూ పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది.

దానికి నిద్ర డైరీ కావాలి. అచ్చేసిన ఫారం ఇస్తే ఖాళీగా తిరిగొచ్చింది. ఇంట్లో ఏమి రాస్తారని అడిగితే పాల లెక్క రాస్తామంది కోడలు, గోడ మీది పంచాంగం క్యాలెండర్లో, రోజు గడిలో పొద్దున లీటర్లు, సాయంత్రం లీటర్లు. అయితే దాని కిందే ఇంకో రెండు అంకెలు వేయమన్నాను. మంచం మీద ఉన్న గంటలు, నిద్రపోయినట్టు తోచిన గంటలు. పొద్దున కాఫీ తర్వాత, అత్తను అడిగి, ఉజ్జాయింపుగా. రాత్రి గడియారం చూడొద్దని ఇద్దరికీ చెప్పాను. తర్వాతి రాకకు కోడలు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకొచ్చింది. పదకొండు గంటలు మంచం, ఐదున్నర గంటలు నిద్ర. మంచం మీద ఉన్న సమయంలో నిద్ర యాభై శాతం. 85 దాటాలి.

మంచం మీది సమయాన్ని నిద్రపోయే సమయానికి దగ్గరగా కుదించడం ఈ చికిత్సకు ప్రాణం. రాత్రి పన్నెండుకు పడుకుని ఐదున్నరకు లేవాలని లెక్క ప్రకారం చెప్పాను. భర్త ముఖం ఎర్రబడింది. "కీమోకే అంత అల్లాడిన మనిషిని ఇప్పుడు నిద్ర కూడా పోనీయొద్దంటారా సార్?" ఇంటికెళ్ళాక ఆయనే తొమ్మిదికి దుప్పటి కప్పి పడుకోబెట్టాడు. ఆయన మొండితనం ఒక్కటే కాదు కారణం. పల్లెలో తొమ్మిదికి అందరి దీపాలూ ఆరిపోతాయి. పన్నెండు దాకా చీకటి హాల్లో ఒక్కతే కూర్చోవాలంటే ఆమెకు తోడు ఉండేది ఆ భయమే.

సాయంత్రం ఐదుకు భర్తతో కూర్చుని భయాలు చెప్పుకునే వేళ ఒకటి పెట్టించాను. అదీ నిలబడలేదు. ఆమె మొదలుపెట్టగానే ఆయన "అట్లాంటివి మాట్లాడకు" అని లేచి ఆవుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఫలించినది

కుదించడం తప్పదు, కానీ ఏ వైపు నుంచి? రాత్రి వైపు ఆ ఇంటికి పొసగదని తేలింది. పొద్దున వైపు ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటుంది. పదిన్నరకు పడుకోవడం, నాలుగున్నరకు లేవడం అని మార్చాను. ఆరు గంటలు. పది దాకా కోడలు ఎలాగూ పిల్లల పనుల్లో మేలుకునే ఉంటుంది, తోడు దొరికింది. నాలుగున్నరకు లేచినా కాలక్షేపం వెతుక్కోనక్కర్లేదు, ఆవులున్నాయి.

ఎడమ చెయ్యి వాస్తుందన్న భయంతో ఆమెను కొట్టంలోకే రానీయడం లేదు. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాను. పాలు పితకడం అప్పుడే వద్దు, వ్యాయామం చేస్తూ మెల్లగా పెంచుకోవచ్చు, దూడను వదలడం, మేత వేయడం, కుడి చేత్తో చిన్న క్యాను పట్టుకుని సెంటర్ దాకా నడవడం ఫరవాలేదు అన్నారు. భర్తకు ఈ సంగతి నిద్ర పేరుతో చెప్పలేదు. క్యాన్సర్ తర్వాతి నీరసం పడుకుంటే పోయేది కాదని, నడకతోనే తగ్గుతుందని చెప్పాను. అది నిజం కూడా. నిద్ర తగ్గించమంటే కోపం తెచ్చుకున్న మనిషి, నీరసానికి నడక అనేసరికి చెప్పులు తనే తెచ్చి పెట్టాడు.

మంచం కూడా మారింది. హాల్లో దివాన్ కాట్ అంటే ఆమె మనసుకు ఆస్పత్రే. వసారాలో నులక మంచం, దోమతెర, పల్చటి నూలు దుప్పటి పెట్టించాను. చల్లగాలికి ఆవిర్లూ నయం. లేవగానే మంచం గోడకు నిలబెట్టాలి. పగలు పడుకోవడానికి మంచమే ఉండదు. మధ్యాహ్నం కునుకు కావాలంటే రెండు లోపు, కుర్చీలో, అరగంటకు మించకుండా. రాత్రి మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే లేచి వంటింట్లో చిన్న దీపం దగ్గర కూర్చుని దూదితో వత్తులు చేయడం, కళ్ళు వాలితే మంచం మీదికి రావడం. వత్తులు ఆమె ఎంచుకున్నదే. వేళ్ళ తిమ్మిరితో సూది పని కుదరదు. మొదట్లో డబ్బా నిండా వత్తులు అయ్యాయి.

ఇక భయం. నిద్ర లేకపోతే క్యాన్సర్ మళ్ళీ వస్తుందని కొడుకు ఫోన్లో ఏదో వీడియో విన్నది. "నిజమేనా సార్?" అని అడగడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. ప్రతి రాత్రీ మెలకువ రాగానే ఈ లెక్కే మొదలవుతుంది, నిద్ర పోలేదు, రోగం వస్తుంది, ఎక్కడైనా గడ్డ తగులుతుందా. నిద్రకూ క్యాన్సర్‌కూ ఏ సంబంధమూ లేదని కొట్టిపారేయలేదు, అలా అనడానికి శాస్త్రం ఒప్పుకోదు. కొన్ని రాత్రులు నిద్ర లేనంత మాత్రాన రోగం తిరిగి రాదని, తిరగబెట్టకుండా కాపాడేదని రుజువైనది ఆమె విడిచి విడిచి వేసుకున్న మాత్రేనని చెప్పాను. ఆ రెండో మాట ఆమెకు బాగా తగిలింది. చేయగలిగినది ఒకటుంది, అది పగటి పూట పని.

తడుముకోవడాన్ని నిషేధించలేదు. నెలకు ఒకసారి, ఒకటో తారీఖున, స్నానం తర్వాత, వెలుతురులో చూసుకోవాలి. కొత్తగా ఏమైనా అనిపిస్తే ఆ వారంలోనే ఆంకాలజీకి. రాత్రి చెయ్యి చంక దగ్గరికి పోతే అది లేచి వత్తుల దగ్గరికి వెళ్ళమనే గుర్తు. క్యాలెండర్లో ఒకటో తారీఖు గడిలో కోడలు పసుపు బొట్టు పెట్టింది.

మొదటి రెండు వారాలు కష్టం. పగలు తూగుతోందని కొడుకు ఫోన్ చేశాడు. ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఆపలేదు. ఆ తర్వాత గడుల్లో ఐదు, ఐదుంబావు గంటల నిద్ర పడసాగింది. ఆరింటికి ఐదుంబావు అంటే 87 శాతం. పావుగంట చొప్పున పెంచుతూ పడుకునే వేళను పదికి తెచ్చాం.

అల్ప్రజోలం అప్పటిదాకా ముట్టుకోలేదు. దాన్ని ముందు తగ్గిద్దామని కొడుకు అడిగాడు. సొంత నిద్ర మీద నమ్మకం రాకముందే మాత్ర తీస్తే, మానినప్పుడు కొన్నాళ్ళు ఎదురుతిరిగే నిద్రలేమిని ఆమె రోగం తిరగబెట్టిందనే అనుకుంటుంది. 85 శాతం కుదురుకున్నాకే రెండేసి వారాలకు 0.125 చొప్పున దించాం. చివరి ముక్క దగ్గర ఆమె ఆగింది. ఆ ముక్క వల్ల మత్తు ఏమీ రాదు, ధైర్యమే వస్తోంది. ఒక నెల అక్కడే ఉండనిచ్చాను. తర్వాత ఆమే మానేసింది.

నాకు మిగిలిన పాఠాలు

క్యాన్సర్ చికిత్స తర్వాత నిద్ర గురించి అడగడమంటే, రోజువారీ మందు సరిగా వేసుకుంటున్నారా అని అడగడమే. నేనిప్పుడు టామోక్సిఫెన్ మీద, అదే పనికి ఇచ్చే లెట్రోజోల్ మీద ఉన్న ప్రతి ఒక్కరి స్ట్రిప్పులూ చూస్తున్నాను. లెట్రోజోల్ వాళ్ళలో వేడి కంటే కీళ్ళ నొప్పులు సాకుగా వినిపిస్తాయి.

సీబీటీ-ఐ మన పల్లెలకు పట్టదని తోటి డాక్టర్లు అంటుంటారు. చదువు రాదు, డైరీ రాయరు అంటారు. పాలకు, కూలీలకు, చీటీలకు లెక్కలు రాసుకోని ఇల్లు నేను చూడలేదు. గంటల లెక్కను ఆ లెక్కల పక్కన పెట్టగలిగితే చాలు. మంచం వేళలు మాత్రం పుస్తకంలోంచి కాకుండా ఆ ఇంట్లో దీపాలు ఎప్పుడు ఆరుతాయి, పొద్దున ముందు ఎవరు లేస్తారు అన్నదాన్నిబట్టి వేయాలి. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళకూ, రాత్రి పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళకూ ఈ కుదింపు ఇలా చేయకూడదు.

ఇంట్లోవాళ్ళ మీద కోప్పడితే పని జరగదు. ఆ భర్త రెండేళ్ళు ఆమెకు చెంబెడు నీళ్ళు కూడా మోయనీయలేదు. ఆయన చేతికి ఇంకో పని ఇవ్వాల్సి వచ్చింది, అంతే.

ప్రస్తుతం

చివరిసారి చూసినప్పుడు ఐఎస్ఐ 9. ఎనిమిది కంటే తగ్గితే నిద్రలేమి లేనట్టు, అంటే ఇంకా కొంచెం ఉంది. పది నుంచి నాలుగున్నర దాకా మంచం, దాదాపు ఆరు గంటల నిద్ర. టామోక్సిఫెన్ స్ట్రిప్పుల లెక్క సరిపోతోంది. చెకప్ దగ్గరపడే వారం మాత్రం నిద్ర మళ్ళీ చెదురుతుంది. దానికి మాత్ర ఇవ్వలేదు. ఆ వారం వేళలు మార్చకుండా, పగలు పడుకోకుండా ఉండమన్నాను. రిపోర్టు వచ్చాక రెండు మూడు రాత్రుల్లో సర్దుకుంటోంది. గబాపెంటిన్ ఎప్పుడు ఆపాలన్నది తేలలేదు. ఎండాకాలంలో ఆపడానికి ఆమె ఒప్పుకోవడం లేదు, నేనూ పట్టుబట్టలేదు. వానలు పడ్డాక 100 చొప్పున తగ్గించి చూద్దామనుకున్నాం.